మూడు లక్షల పెట్టె, ముత్యాలంపాడు హాలు

అట్టపెట్టె విప్పాలి. థర్మకోల్ దిమ్మలు పక్కన పెట్టాలి. స్పీకర్ తీగల కొసలు చెక్కి ఎర్రది ఎర్రదానికి, నల్లది నల్లదానికి బిగించాలి. ఫోన్‌లో కంపెనీ యాప్ దించుకుని, వైఫై పాస్‌వర్డు కొట్టి, యాంప్లిఫయర్ తన కొత్త సాఫ్ట్‌వేర్ తెచ్చుకునేదాకా కాచుకుని కూర్చోవాలి. విజయవాడ ముత్యాలంపాడులో ఓ అపార్టుమెంటు మూడో అంతస్తులో ఈ తంతంతా జరిగిందనుకుందాం. గంట తర్వాత ఫోన్ తెర మీద బొమ్మలు వరసకడతాయి. టైడల్, కోబజ్, స్పాటిఫై, ఎయిర్‌ప్లే, ఇంటర్నెట్ రేడియో. కొన్న మనిషి హుషారుగా మొదటి బొమ్మ నొక్కుతాడు. టైడల్ మన దేశంలో లేదు. పోనీలే అని రెండోది నొక్కుతాడు. కోబజ్ కూడా లేదు.

బ్రోచర్లో అందరికన్నా ముందు అచ్చేసే రెండు సేవలూ అధికారికంగా ఇక్కడ అందవు. పెట్టెలో లోపమేమీ లేదు. దాన్ని తయారుచేసినవాళ్ల మనసులో ఉన్నది లండన్ ఇల్లో, టొరంటో ఇల్లో. బెజవాడ ఇల్లు కాదు. అందుకే ఇలాంటి ఖరీదైన యాంప్లిఫయర్‌ను ఇక్కడ బేరీజు వేయాలంటే విదేశీ పత్రికల్లో చుక్కలిచ్చి రాసే సమీక్షలు సగమే పనికొస్తాయి. మిగతా సగం ఇక్కడి కరెంటు, ఇక్కడి ఎండ, ఇక్కడి గచ్చు, ఇక్కడి పాట చెప్పాలి.

ఇంతకీ ఏమిటీ పెట్టె? పాతరోజుల స్టీరియో సెట్టులో పాట పలికించే యంత్రం ఒకటి, అది రికార్డు ప్లేయరైనా టేపు డెక్కయినా. శబ్దాన్ని హెచ్చుతగ్గులు చేసే ప్రీ యాంప్లిఫయర్ ఇంకొకటి. స్పీకర్లను కదిలించే బలం ఇచ్చే పవర్ యాంప్లిఫయర్ మరొకటి. చివరి రెండిటినీ ఒకే డబ్బాలో బిగిస్తే ఇంటిగ్రేటెడ్ యాంప్లిఫయర్ అన్నారు. దాంట్లోనే అంకెల పాటను విద్యుత్ తరంగంగా మార్చే డ్యాక్‌ను, నెట్ నుంచి పాటను లాక్కొచ్చే చిన్న కంప్యూటర్‌ను కూడా కూరితే ఇప్పటి సరుకు. ఇక కావలసినవి రెండు స్పీకర్లు, ఒక వైఫై.

ఈ జాతిలో పేరున్నవి కొన్ని ఉన్నాయి. బ్రిటన్‌కు చెందిన నైమ్ 2017లో యూనిటీ ఆటమ్ తెచ్చింది. కెనడా కంపెనీ ఎన్ఏడీ 2019లో ఎం10 తెచ్చింది. నార్వే నుంచి హేగెల్ హెచ్390, 2021లో కేంబ్రిడ్జ్ ఆడియో ఈవో 150, ఆ మరుసటేడు జపాన్ మరాంట్జ్ నుంచి మోడల్ 40ఎన్ వచ్చాయి. దిగుమతి సుంకాలూ జీఎస్టీ కలిశాక మన దేశంలో ఇలాంటివాటి ధర లక్షల్లోనే పలుకుతుంది. స్పీకర్లకు వేరే.

షాపులో మొట్టమొదట వినిపించే మాట వాట్లు. ఆటమ్ ఒక్కో స్పీకర్‌కు 40 వాట్లిస్తుంది. ఎం10 ఇచ్చేది 100. హెచ్390 ఏకంగా 250. చెప్పేవాడికి వినేవాడు లోకువన్నట్టు, ఈ అంకెలు వినగానే ఆరు రెట్ల మోత అనిపిస్తుంది. మన చెవి అలా లెక్కపెట్టదు. వాట్లు రెట్టింపయితే శబ్దం పెరిగేది 3 డెసిబెళ్లు. అది తేడా తెలిసీ తెలియనట్టు ఉంటుంది. చెవికి రెండింతల మోతగా వినపడాలంటే సుమారు 10 డెసిబెళ్లు పెరగాలి, అంటే వాట్లు పదింతలు కావాలి. ఆ లెక్కన 40 నుంచి 250కి వెళితే దక్కేది 8 డెసిబెళ్లు. రెండింతల మోత కూడా కాదు.

ఇంట్లో ఎన్ని వాట్లు ఖర్చవుతాయో చూస్తే ఇంకా నవ్వొస్తుంది. మామూలు స్పీకర్ ఒక్క వాటుకు, మీటరు దూరంలో, 87 డెసిబెళ్లు పలుకుతుంది. పన్నెండు పదిహేను అడుగుల హాల్లో సోఫాలో కూర్చుని కాస్త గట్టిగానే పాట వింటున్నప్పుడు సగటున వాటులో పదోవంతు సరిపోతుంది. డప్పు మీద ఒక్క ఊపున దెబ్బ పడినప్పుడు ఆ క్షణానికి పది పదిహేను వాట్లు కావాలి. ఆ ఒక్క క్షణం కోసమే మిగతా బలమంతా నిలవ. బరువైన పెద్ద స్పీకర్లు, విద్యుత్ నిరోధం నాలుగు ఓములకో అంతకన్నా దిగువకో జారే స్పీకర్లు ఉన్నవాళ్లకు హేగెల్ లాంటి బండ అవసరం. మిగతావాళ్లకు 250 వాట్లంటే కాలువ గట్టున ఇల్లున్నవాడు ఆరు బోర్లు వేయించుకున్నట్టు.

వాట్ల మీద ఈ మోజు డెల్టాలో ఎక్కడినుంచి వచ్చిందో ఊహించడం కష్టం కాదు. ఇక్కడివాళ్లు మొదట చూసిన యాంప్లిఫయర్ మైక్ సెట్టువాడిది. పెళ్లింట్లో అరుగు మీద అహుజా యాంప్లిఫయర్, పక్కన రికార్డు ప్లేయర్, కొబ్బరిచెట్టుకు తాడుతో కట్టిన బాకా. 1940లో మొదలైన ఆ ఢిల్లీ కంపెనీ పేరు పల్లెటూళ్లలో మైక్ సెట్టుకు మారుపేరైపోయింది. ఆ బాకా పాట పొలాల మీదుగా పక్క ఊరికి చేరిందంటే గొప్పతనం వాట్లది కాదు, బాకాది. బాకా ఆకారం వల్ల కొద్దిపాటి విద్యుత్తు కూడా ఎక్కువ శబ్దమవుతుంది. పైగా అది బేసు జోలికి పోదు. మన చెవి బాగా పట్టే మధ్య స్వరాలనే ఒక దిక్కుకు తరుముతుంది. ఇంటి స్పీకర్ పని వేరు. అడుగు బేసు నుంచి తాళాల గలగల దాకా అన్నీ సమానంగా పలికించాలి, అదీ నాలుగు గోడల మధ్య.

ఆ నాలుగు గోడల దగ్గరే అసలు కథ.

ముత్యాలంపాడు హాలుకే మళ్లీ వెళదాం. పన్నెండడుగుల వెడల్పు, పదిహేనడుగుల పొడవు, పదడుగుల ఎత్తు. కింద నున్నటి టైల్స్, పైన కాంక్రీటు స్లాబు, చుట్టూ పుట్టీ పెట్టి నునుపు తేల్చిన గోడలు, ఒక పక్క గాజు తలుపులు. ఖాళీ హాలు మధ్యన నిలబడి ఒక్కసారి చప్పట్లు కొడితే మోత ‘టంగ్’ మంటూ సాగుతుంది. హార్వర్డ్‌లో భౌతికశాస్త్రం చెప్పిన వాలెస్ సాబిన్ నూరేళ్ల పైమాటగా వాడుకలో ఉన్న సూత్రం ఒకటి ఇచ్చాడు. గది ఘనపరిమాణం, గోడలూ గచ్చూ పీల్చుకునే శబ్దం తెలిస్తే మోత ఎంతసేపు మిగులుతుందో లెక్కకట్టచ్చు. గట్టి ఉపరితలాలు తప్ప ఏమీ లేని ఇలాంటి హాల్లో అది రెండు సెకన్ల దగ్గరికి వస్తుంది. పాట వినడానికి అర సెకను, అంతకు కాస్త అటూ ఇటూ ఉంటే హాయి. అంటే గాయకుడు పల్లవిలో రెండో మాట అందుకునే సరికి మొదటి మాట ఇంకా గదిలోనే తిరుగుతూ ఉంటుంది. అలాంటి గదిలో మూడు లక్షల యాంప్లిఫయర్ మోగినా ముప్ఫై వేల యాంప్లిఫయర్ మోగినా వినపడేది గదే.

దీనికి మందు ఖరీదైనది కాదు, దగ్గర్లోనే దొరుకుతుంది కూడా. స్పీకర్లకూ సోఫాకూ మధ్య గచ్చు మీద ఒక మందపాటి ఏలూరు తివాచీ. గాజు తలుపులకు తెర. పెడన కలంకారీ గుడ్డ కంటికి ఎంత అందమైనా పల్చటి నూలు, ఒక్క పొర బిగించి కడితే చెవికి పెద్దగా ఉపకారం చేయదు. వెనక బరువైన లైనింగ్ వేయించి, వెడల్పుకు రెట్టింపు గుడ్డతో ముడతలు ముడతలుగా వేలాడదీస్తే కొంత పీల్చుకుంటుంది. వెనక గోడకు పుస్తకాల బీరువా పెడితే ఇంకా మంచిది. ఎత్తుపల్లాలుగా ఉన్న పుస్తకాలు శబ్దాన్ని చెల్లాచెదురు చేస్తాయి. లెనిన్ సెంటర్ పాత పుస్తకాల దుకాణాల్లో పెట్టిన డబ్బు హైఫై ఖాతాలో కూడా రాసుకోవచ్చు.

గుడ్డలకూ పుస్తకాలకూ లొంగనిది బేసు. పదిహేనడుగుల గదిలో గోడకూ గోడకూ మధ్య సుమారు 38 హెర్ట్జ్ దగ్గర శబ్దం ఉయ్యాల ఊగుతుంది. బేస్ గిటార్ అట్టడుగు తీగ 41 హెర్ట్జ్. అందువల్ల ఇళయరాజా పాటలో బేసు నడక ఒక మెట్టు దగ్గర మామూలుగా ఉండి, పక్క మెట్టుకు రాగానే గుమ్మటంలా గుమ్మంటుంది. సోఫా రెండడుగులు ముందుకు జరిపితే అదే స్వరం మాయమైపోతుంది. ఇక్కడ మాత్రం కొత్తరకం యాంప్లిఫయర్ నిజంగా డబ్బుకు తగిన పని చేస్తుంది. ఎం10లో స్వీడన్‌లో పుట్టిన డిరాక్ లైవ్, డెన్మార్క్ కంపెనీ లింగ్‌డార్ఫ్ యాంప్లిఫయర్లలో రూమ్‌పర్ఫెక్ట్ అనే ఏర్పాట్లున్నాయి. చిన్న మైకును సోఫా చుట్టూ నాలుగైదు చోట్ల పెట్టి స్పీకర్ల నుంచి జుయ్యిమనే పరీక్ష శబ్దం వదిలితే, గది ఎక్కడ ఉబ్బిస్తోందో ఎక్కడ మింగేస్తోందో అది కొలిచి, ఆ మేరకు పాటను ముందే సరిచేసి పంపుతుంది. ఉబ్బును బాగా తగ్గిస్తుంది. మింగేసిన స్వరాన్ని పూర్తిగా తిరిగి తేలేదు. ఈ తరహా పెట్టెల్లో ఏ ఒక్క సదుపాయం కోసం అదనంగా డబ్బు పెట్టచ్చంటే ముందు దీనికోసమే.

మరి యాంప్లిఫయర్ స్వరం సంగతి? ‘వెచ్చగా ఉంది’, ‘గాలి ఆడుతోంది’, ‘తెర తీసినట్టుంది’ లాంటి మాటలు హైఫై సమీక్షల నిండా ఉంటాయి. 1987 జనవరిలో అమెరికన్ పత్రిక స్టీరియో రివ్యూ ఒక పరీక్ష పెట్టింది. 200 డాలర్ల పైచిలుకు మామూలు రిసీవర్ మొదలు 12,000 డాలర్ల వాల్వు యాంప్లిఫయర్ల జత దాకా తెచ్చి, మోత సమానం చేసి, ఏది మోగుతోందో చెప్పకుండా శ్రోతలకు వినిపించింది. యాంప్లిఫయర్లన్నీ వేరువేరుగా వినపడతాయని నమ్మేవాళ్లూ అందులో ఉన్నారు, నమ్మనివాళ్లూ ఉన్నారు. ఫలితం బొమ్మా బొరుసూ వేసినట్టే వచ్చింది. అది ఆఖరి తీర్పని అందరూ ఒప్పుకోలేదు, ఆ వాదన ఇప్పటికీ ఆరలేదు. కానీ ఒక జాగ్రత్త మాత్రం అందరికీ పనికొస్తుంది. రెండు యాంప్లిఫయర్లను పోల్చేటప్పుడు మోత సమానంగా ఉండాలి. ఒకటి రవ్వంత ఎక్కువ మోగినా చెవి దానికే ఓటేస్తుంది. షోరూములో రిమోటు ఎవరి చేతిలో ఉందో గమనించాలి.

వినే పాటల్ని షాపువాళ్లకు వదిలేయకూడదు. వాళ్ల దగ్గర తయారుగా ఉండేవి పశ్చిమదేశాల జాజ్ ముక్కలు. ఏ యాంప్లిఫయర్ మీదైనా బాగుంటాయి కనకనే వాటిని ఎంచుకుంటారు. డెల్టా మనిషి తనకు తెలిసిన శబ్దంతో వెళ్లాలి.

మొదట ఒక పాత పాట. గుడివాడ దగ్గర చౌటపల్లిలో 1922లో పుట్టిన ఘంటసాల గొంతు చాలు. 1957 నాటి మాయాబజార్ పాటలన్నీ మోనో. రెండు స్పీకర్లకూ ఒకే శబ్దం వెళుతుంది. అలాంటప్పుడు గొంతు కుడి నుంచీ రాకూడదు, ఎడమ నుంచీ రాకూడదు. రెండిటికీ సరిగ్గా నడుమ, ఏమీ లేని చోట, మనిషి నిలబడి పాడుతున్నట్టు రావాలి. కళ్లు మూసుకుని వేలితో చూపించగలిగేంత స్పష్టంగా. గొంతు ఒక పక్కకు జరిగితే, వెడల్పుగా పరుచుకుపోతే, స్పీకర్లు పెట్టిన తీరులోనో గదిలోనో తేడా ఉంది. స్టీరియోను పరీక్షించడానికి మోనో పాటను మించింది లేదు. అన్నట్టు ఇలాంటి పాటను 24 బిట్లు, 192 కిలోహెర్ట్జ్ అంటూ అమ్మితే మురిసిపోనక్కర్లేదు. ఆనాటి సినిమా శబ్దపథంలో పైస్వరాలే తక్కువ. లేనిదాన్ని ఎంత పెద్ద గిన్నెలో పోసినా పెరగదు.

రెండోది మాట. ఆకాశవాణి విజయవాడ కేంద్రం నుంచి ఉషశ్రీ వినిపించిన రామాయణ భారతాలు విని పెరిగిన తరం ఇంకా ఉంది. ఆ గంభీరమైన గొంతులో విసురు, విరుపు, మధ్యలో ఊపిరి తీసుకునే చప్పుడు ఆ తరానికి కంఠతా వచ్చు. స్పీకర్లలో ఆయన పీపాలోంచి మాట్లాడుతున్నట్టుంటే ఎక్కడో బేసు ముదిరింది. సకారాలు ఈల వేస్తుంటే పైస్వరం పదునెక్కింది. వాద్యం కన్నా మనిషి గొంతులో తప్పు తొందరగా దొరుకుతుంది.

మూడోది వీణ. వీణల తయారీకి పేరుపడ్డ నూజివీడు బెజవాడకు దగ్గర్లోనే ఉంది. మీటగానే వచ్చే గోటి చురుకు, ఆ వెనకే తీగ నాదం సన్నగిల్లుతూ సన్నగిల్లుతూ గమకంతో ఒంగి ఆరిపోవడం. ఆ ఆఖరి కొస వినపడాలంటే యాంప్లిఫయర్‌లో సొంత గుసగుస ఉండకూడదు, గదిలో ఫ్యాను మోత ఉండకూడదు. మే నెలలో రెండోది సాధ్యం కాదు, అది వేరే సంగతి.

చివరికి కూచిపూడి నట్టువాంగం. ఇది యాంప్లిఫయర్‌కు కాదు, స్ట్రీమింగ్‌కు పరీక్ష. తాళాలు తగిలినప్పుడు పుట్టే శబ్దంలో పైస్వరాలు వందలకొద్దీ ఒకేసారి చిమ్ముతాయి. సీడీలో ఉండే పాట సెకనుకు 1,411 కిలోబిట్లు. దాన్ని ఎంపీ3 లాంటి పద్ధతిలో 128కో 160కో నలిపితే మొదట దెబ్బతినేది తాళాలే. ‘ఠంగ్’ మనాల్సింది ‘ష్‌ష్’ అని నీళ్లు చిమ్మినట్టవుతుంది. 320కి వస్తే తేడా పట్టడం చాలామందికి కష్టం. ఏమీ నలపకుండా పంపేదాన్ని లాస్‌లెస్ అంటారు.

లాస్‌లెస్ అనగానే కథ మళ్లీ మొదటి బొమ్మల దగ్గరికే వస్తుంది. మన దేశంలో ఆపిల్ మ్యూజిక్ 2015 నుంచి ఉంది, 2021లో అదనపు రుసుం లేకుండా లాస్‌లెస్ మొదలుపెట్టింది. అయితే ఐఫోన్ నుంచి ఎయిర్‌ప్లేలో యాంప్లిఫయర్‌కు పంపితే పెద్ద పాట చిన్నదై వెళుతుంది. ఉన్నదున్నట్టు కావాలంటే ఫోన్‌నో కంప్యూటర్‌నో యూఎస్‌బీ తీగతో యాంప్లిఫయర్ వెనక కలపాలి. అందుకు తగిన పోర్టు ఈవో 150 వెనక ఉంది, ఎం10 వెనక లేదు. ఉన్న పోర్టు పెన్‌డ్రైవుకు మాత్రమే పనికొచ్చేదా, కంప్యూటర్‌కు కూడానా అని కొనేముందే అడగాలి. 2019 ఫిబ్రవరిలో ఇక్కడికి వచ్చిన స్పాటిఫై 2025 సెప్టెంబరులో లాస్‌లెస్ ప్రకటించి దేశాలవారీగా అందించడం మొదలుపెట్టింది. యూట్యూబ్ మ్యూజిక్‌లో తెలుగు పాటల గని ఉంది, లాస్‌లెస్ లేదు. ఇక జియోసావన్ వాడేవాళ్లకు ఇలాంటి విదేశీ యాంప్లిఫయర్ల సొంత యాప్‌లో సాధారణంగా చోటే ఉండదు. ఫోన్ నుంచి బ్లూటూత్‌లోనో ఎయిర్‌ప్లేలోనో తోయాల్సిందే.

ఇంట్లో అటకమీద పాత సీడీలున్నవాళ్లు అదృష్టవంతులు. వాటిని కంప్యూటర్లో ఎక్కించి ఫ్లాక్ ఫైళ్లుగా మార్చి ఒక పెన్‌డ్రైవులో పెడితే చాలు, ఏ చందా అక్కర్లేకుండా లాస్‌లెస్. ఇంటిల్లిపాదికీ ఉపయోగపడే ఇంకో పోర్టు హెచ్‌డీఎంఐ ఏఆర్‌సీ. టీవీ శబ్దం దానిగుండా స్టీరియో స్పీకర్లకు వస్తుంది, టీవీ రిమోటుతోనే మోత పెరుగుతుంది. నిజం చెప్పాలంటే చాలా ఇళ్లలో ఈ యాంప్లిఫయర్ ఎక్కువ గంటలు పనిచేసేది ఓటీటీ సినిమాకూ క్రికెట్‌కూ. పెద్ద కొనుగోలుకు ఇంట్లో ఒప్పుదల దొరికేదీ ఆ పోర్టు వల్లే.

ఇప్పుడు ఎండ. మేలో 45 డిగ్రీలు దాటిన రోజులు బెజవాడకు కొత్త కాదు, బ్లేజ్‌వాడ అన్న వేళాకోళం ఊరికే పుట్టలేదు. యాంప్లిఫయర్ మాన్యువల్ చివరి పేజీల్లో పనిచేసే ఉష్ణోగ్రత అని చిన్నక్షరాల్లో ఉంటుంది. చాలావాటికి 35 డిగ్రీలు, కొన్నిటికి 40. ఏసీ వేయని మధ్యాహ్నం మన హాలే ఆ గీత దాటేస్తుంది. దానికి తోడు టీవీ కింద గాజు తలుపుల అరలో పెడితే లోపల పొయ్యి రాజుకున్నట్టే. పెట్టెలో ముందుగా ముసలిదయ్యే భాగం ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్. వేడి పది డిగ్రీలు పెరిగితే దాని ఆయుష్షు సగమవుతుందని ఎలక్ట్రానిక్స్ వాళ్లు వాడే మోటు లెక్క. హెచ్390 క్లాస్ ఏబీ రకం, 20 కిలోల బరువు, పాట లేకపోయినా వెచ్చగానే ఉంటుంది. ఎం10 క్లాస్ డీ, 5 కిలోలు, కరెంటులో చాలా భాగాన్ని వేడిగా పారబోయకుండా స్పీకర్‌కు పంపుతుంది. క్లాస్ డీ అంటే నాసిరకం అన్న అభిప్రాయం ఒకప్పుడు ఉండేది. హైపెక్స్, ప్యూరిఫై లాంటి కంపెనీల మాడ్యూళ్లు వచ్చాక దానికి ఆధారం పోయింది. ఏసీ గది లేని డెల్టా ఇంటికి క్లాస్ డీ సరిపడ్డంత హాయిగా ఏబీ సరిపడదు.

వేడికి తోడు కరెంటు. కైకలూరు వైపు చెరువుల్లో ఏరేటర్లు, పొలాల్లో మోటార్లు తిరిగే చోట, మోటారు అందుకున్న క్షణాన మామూలుకన్నా ఎన్నో రెట్లు కరెంటు లాగుతుంది. వీధి చివరి ఇంట్లో బల్బు మసకబారుతుంది. అలాంటి చోట మంచి స్టెబిలైజరు తప్పదు. చవక ఇన్వర్టర్ ఇచ్చే చదరపు అలకు లోపలి ట్రాన్స్‌ఫార్మర్ జుమ్మని మూలుగుతుంది, కరెంటు పోయినప్పుడు పాట ఆపడమే మేలు. బందరు, అవనిగడ్డ వైపు ఉప్పుగాలికి కనెక్టర్లు చిలుమెక్కుతాయి. వెనక గాలి రంధ్రాల్లోంచి బల్లి దూరి సర్క్యూట్ బోర్డు మీద చచ్చిందంటే వారంటీ కింద రాదు. ఇక చాలామంది యాంప్లిఫయర్‌ను తిట్టే ఒక తప్పు అసలు దానిది కాదు. సెట్‌టాప్ బాక్సు కలపగానే స్పీకర్లలో ‘హుమ్‌మ్’ అని ఎడతెగని మూలుగు మొదలవుతుంది. కేబుల్ వైరు ద్వారా వచ్చే ఎర్తుకూ ఇంటి ఎర్తుకూ పడకపోవడమే కారణం. ఆ తీగ తీసేసి ఆప్టికల్ తీగ పెడితే పోతుంది. అందులో వెళ్లేది వెలుగు, కరెంటు కాదు.

ఇన్ని దాటుకుని యాంప్లిఫయర్ భాగం ఇరవై ముప్ఫై ఏళ్లు బతకచ్చు. 1978లో వచ్చిన ఎన్ఏడీ 3020లు ఇప్పటికీ మోగుతున్న ఇళ్లున్నాయి. అదే పెట్టెలో కాపురమున్న కంప్యూటర్ ఆయుష్షు అంత కాదు. లాజిటెక్ 2012లో స్క్వీజ్‌బాక్స్ ప్లేయర్లను ఆపేసింది. వాటికి ఆధారమైన నెట్ సేవను 2024లో మూసేసింది. 2024 మేలో వైఫై స్పీకర్ల కంపెనీ సోనోస్ కొత్త యాప్ విడుదల చేసి పాతదాంట్లో పనిచేసినవి కూడా చెడగొట్టుకుంది, కంపెనీ అధిపతి బహిరంగంగా క్షమాపణ చెప్పాల్సి వచ్చింది. 2025 మార్చిలో ఒక సర్టిఫికెట్ గడువు తీరిపోవడంతో ప్రపంచమంతటా రెండో తరం క్రోమ్‌కాస్ట్‌లు, క్రోమ్‌కాస్ట్ ఆడియోలు ఒక్కసారిగా మూగబోయాయి, గూగుల్ సరిచేసేదాకా కొన్ని రోజులు పట్టింది. మన దేశంలో ఎయిర్‌టెల్ నడిపిన వింక్ మ్యూజిక్ 2024లో సర్దుకుంది. తీగలూ ట్రాన్సిస్టర్లూ నిక్షేపంగా ఉండగా పాట ఆగిపోవడం మన పెద్దలకు తెలియని కొత్తరకం రోగం.

కనుక కొనేవాడు అడగాల్సిన ప్రశ్న ‘శబ్దం ఎలా ఉంది’ ఒక్కటే కాదు. ఈ కంపెనీ పాత మోడళ్లకు ఎన్నేళ్లుగా సాఫ్ట్‌వేర్ పంపుతోంది? స్ట్రీమింగ్ చచ్చిపోయినా మామూలు యాంప్లిఫయర్‌లా బతకడానికి వెనక అనలాగ్ సాకెట్లున్నాయా? ఎన్ఏడీ సీ 399 లాంటి వాటిలో స్ట్రీమింగ్ భాగం విడి కార్డుగా వెనక నుంచి తగిలిస్తారు, కాలం చెల్లితే అదొక్కటే మార్చచ్చు. ఆ ఆలోచన అన్ని పెట్టెల్లోనూ ఉండాల్సింది. రిపేరు వస్తే ఎక్కడ చేస్తారు? విజయవాడలోనా, హైదరాబాదుకో ముంబైకో పార్సిల్ చేయాలా? 20 కిలోల హేగెల్‌ను లారీ సర్వీసులో వేయాలంటే అసలు అట్టపెట్టె, ఆ థర్మకోల్ దిమ్మలు కావాలి. వాటిని అటక మీద భద్రం చేయని ఇల్లు తర్వాత విచారిస్తుంది. నేల ఇంట్లో ఉండేవాళ్లు పెట్టెను కింది అరలో పెట్టకపోవడం మంచిదని 2024 సెప్టెంబరులో బుడమేరు వరద చెప్పి వెళ్లింది.

ఈ పెద్దింటి పెట్టెల పక్కన ఒక చిన్నదాన్ని కూడా పెట్టి చూడాలి. 2023లో వచ్చిన వీమ్ యాంప్ అమెరికాలో 299 డాలర్లకు దొరికింది. 60 వాట్లు, హెచ్‌డీఎంఐ ఏఆర్‌సీ, పేరున్న స్ట్రీమింగ్ సేవలు చాలావరకు అందులోనూ ఉన్నాయి. లోహపు పనితనం, తెర అందం, గట్టి స్పీకర్లను మోసే దమ్ము దాంట్లో తక్కువ. ముత్యాలంపాడు హాల్లో మామూలు బుక్‌షెల్ఫ్ స్పీకర్లతో, మోత సమానం చేసి, పేరు చెప్పకుండా వినిపిస్తే మూడు లక్షలకూ దానికీ తేడా పట్టేవాళ్లు ఎందరో చెప్పడానికి జంకాల్సి వస్తుంది. చేతిలో నాలుగు లక్షలుంటే సింహభాగం స్పీకర్లకు, కొంత తివాచీకీ తెరలకూ, మిగిలింది యాంప్లిఫయర్‌కు అన్నది ఈ వ్యాసకర్త పంపకం. షాపువాళ్ల పంపకం సాధారణంగా దీనికి తలకిందులుగా ఉంటుంది.

బొమ్మల వరసలో ఆఖరిది మిగిలింది, రేడియో. బందరు రోడ్డు పున్నమ్మతోటలోని ఆకాశవాణి కేంద్రం 1948 డిసెంబరు 1 నుంచి మాట్లాడుతోంది. దాని మీడియం వేవ్ స్థానం 837 కిలోహెర్ట్జ్. పక్క స్టేషన్లకు అడ్డురాకుండా మీడియం వేవ్‌లో పైస్వరాలను కోసేయాల్సి వస్తుంది, అందుకే ఆ గొంతులకు ఆ కమ్మటి మూసుకుపోయిన తీరు. అవే ఆకాశవాణి ప్రసారాలు న్యూస్ ఆన్ ఎయిర్ యాప్‌లో నెట్ మీదా వస్తాయి. తెల్లవారి హాల్లో ఫోన్ నుంచి ఆ ప్రసారాన్ని మూడు లక్షల పెట్టెకు పంపితే అనౌన్సరు గొంతు విప్పారి, రెండు స్పీకర్ల నడుమ ఖాళీ జాగాలో నిలబడి పలుకుతుంది. వంటింట్లో గట్టు మీద పాత ట్రాన్సిస్టరు కూడా అదే స్టేషన్‌లో ఉంటే మాత్రం భక్తిరంజని ముందు అక్కడే మొదలవుతుంది. నెట్ చుట్టూ తిరిగి వచ్చే పాట హాలుకు చేరే సరికి వంటింట్లో పల్లవి అయిపోయి ఉంటుంది.